పొట్టు లెక్క

బంగాళాదుంపల కోసం పార దించితే
జానెడు లోతులోనే మట్టి అయిపోతుంది.
ఆ కింద అంతా రంపపు పొట్టు,
తడిసి, నల్లబడి,
పిడికిట్లో పిండితే డికాక్షన్ లాంటి నీరు.
ఇన్నేళ్ళయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే
పైన్ వాసన.
మా ఊరు నిలబడింది దీనిమీదే.
అందుకే ఇళ్ళన్నీ సరస్సువైపు
చెవి ఒగ్గినట్టు ఒరిగి ఉంటాయి.

ఊరంటే ఇప్పుడు పదకొండు గడపలు,
వేసవిలో మాత్రం తెరిచే ఐస్‌క్రీం కొట్టు.
మిషిగన్ సరస్సు నీరు తగ్గిన ఏడు
పెటిబోన్ రేవు కాళ్ళు బయటపడతాయి.
రాళ్ళు నింపిన దుంగల తొట్లు, రెండు వరసలు,
ఏదో చెబుతూ చెబుతూ
నడి నీళ్ళలో మాట మరిచిపోయినట్టు.

ఎసహెల్ పెటిబోన్ వచ్చినప్పుడు
అతని దగ్గర ఒక రంపం, ఎద్దుల జత,
ఎవరికో ఇవ్వాల్సిన అప్పు.
చికాగో కాలిపోయిన ఏడాది
ఆ అప్పు తీరింది.
బూడిదలోంచి లేవడానికి నగరం చెక్కలడిగింది,
ఇక్కడ అడవి ఉంది.
నేల కొన్న కాగితంలో
పొటవాటమీల పేరు ఎక్కడా లేదు.

చలికాలం మంచుమీద దుంగల బళ్ళు జారేవి.
మంచు విరిగిన రోజు మొదటి స్కూనర్ కోసం
పిల్లలు చర్చి కప్పెక్కి కూర్చునేవాళ్ళు.
ఓలౌగ్ తన పూటకూళ్ళ ఇంట్లో
తెల్లారేలోగా రెండువందల అట్లు పోసేది,
నార్వే వాళ్ళకీ బెల్జియం వాళ్ళకీ
ఒకటే పెనం, వేరువేరు తిట్లు.
మిల్లు రొద ఆగితే
ఉయ్యాల్లో పసివాళ్ళు ఉలిక్కిపడి లేచేవాళ్ళట.
నిశ్శబ్దం వాళ్ళెరగరు మరి.

రేవు కొసన మా ముత్తాత, ఔస్మండ్ ట్వైట్,
లెక్కల గుమాస్తా.
చిటికెన వేలొకటి చలికి రాలిపోయింది,
తొమ్మిది వేళ్ళతోనే లక్షలు లెక్కపెట్టాడు.
ఓడెక్కే ప్రతి చెక్కకీ ఒక గీత,
నాలుగు గీతలమీద ఒక అడ్డగీత.
కాకిలెక్క ఆయనకి తెలీదు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
మావాళ్ళు కూర్చోలేదు,
నిలబడి కోశారు.
ఆ పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది:
మొదట రెండడుగుల వెడల్పు చెక్కలు,
తర్వాత అడుగు,
తర్వాత కంచె గుంజలు, తోళ్ళ కార్ఖానాకి హెమ్లాక్ బెరడు,
తర్వాత పొయ్యిలో పుల్లలు.
చేతిరాత మాత్రం మారలేదు.

రైలు పక్క ఊరిదాకా వచ్చి, అక్కడే ఆగింది.
ఏరు దాటినవాడు తెప్ప తగలేస్తాడు,
పెటిబోన్ తెలివైనవాడు,
తెప్పని అమ్ముకుని వెళ్ళాడు.
రంపాలు, బాయిలరు, ఆఖరికి కూత గొట్టం కూడా.

ఆ నవంబరులో చివరి ఓడ వచ్చింది.
ఎక్కించడానికి అడవి లేదు.
ఊరుంది.
మేకులు పీకారు. గోడలు విప్పారు.
ముత్తాత ఎప్పటిలాగే రేవు కొసన నిలబడ్డాడు.

"బడి: ఆరువందల నలభై.
చర్చి: పదిహేడువందలు. గంట విడిగా.
ట్వైట్ ఇల్లు: తొమ్మిదివందల పన్నెండు.
ఒకటి పగిలింది."

ఆ పుటలో ఇంకో మాట లేదు.
పగిలినదాన్ని ఓడవాళ్ళు తోసేస్తే
ఆరేళ్ళ మా అమ్మమ్మ ఒడ్డు పొడుగునా ఈడ్చుకొచ్చింది.
గుర్రాల కొట్టంలో కాపురం మొదలయ్యాక
అది కోళ్ళగూటికి తలుపయింది.

పోయిన ఆగస్టులో వాన లేదు.
నా దుంపల మళ్ళలోంచి పొగ లేచింది.
మంట కనపడదు, కాలికి మాత్రం సెగ.
నేల కింద ఎక్కడో పొట్టు రాజుకుంది.
రైలున్న ఊరినుంచి ఫైరింజను వచ్చింది.
రెండ్రోజులు గొట్టాలతో తడిపారు,
తడిపినచోట ఆరి, పక్కన పొగ.
మసి ముఖంతో ఒక కుర్రాడడిగాడు,
"ఎంత లోతుందండీ ఇది?"

లోపలికెళ్ళి నలభై ఒక్క పుస్తకాలూ కిందికి దించాను.
ప్రతి చెక్కా ఉంది, ప్రతి ఓడా, తేదీతో సహా.
పొట్టు లెక్క ఆయన రాయలేదు.

బయటికొచ్చి, తెలీదన్నాను.
అతను పార అందుకుని
ఇంకో జానెడు తవ్వాడు.